ఊరు ఖాళీ చేయాల్సి వస్తే సైకిల్‌ను నమ్ముకోవచ్చా?

#1 మెట్లకింద_సైకిల్

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

పోయిన నెల మా ఇంటికి కాస్త దూరంలో ఒక గోడౌన్ అంటుకుంది. లోపల ఏముందో ఎవరికీ సరిగ్గా తెలియదు, నల్లటి పొగ మాత్రం మేడల పైకి లేచింది. మా నాలుగు వీధులూ ఖాళీ చేయమని మైకులో చెప్పారు. మూడు గంటల తర్వాత మళ్లీ ఇళ్లకు రమ్మన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మూడు గంటల్లో మేము నాలుగు వందల మీటర్లు కూడా దాటలేదు. వీధి మలుపులో ఒక కారు రివర్స్ తీయబోయి అడ్డం పడింది. దాని వెనక కార్ల వరస, కార్ల సందుల్లో బైకులు, బైకుల సందుల్లో మనుషులు. అందరూ హారన్ కొట్టేవాళ్లే. అప్పుడొక కుర్రాడు సైకిల్ భుజాన వేసుకుని డివైడర్ ఎక్కి, అవతల దిగి, తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. వెనక్కి కూడా చూడలేదు.

అప్పట్నుంచి అదే ఆలోచన. మాకు కారు లేదు. మెట్ల కింద రెండు సైకిళ్లున్నాయి, పాపకొక చిన్న సైకిల్ ఉంది. ఇంట్లో నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. బంధువుల ఇల్లు ఊరి బయట 38 కిలోమీటర్ల దూరంలో ఉంది. నిజంగా ఊరు వదలాల్సి వస్తే సైకిళ్లను నమ్ముకోవచ్చా, లేక ఇది నా భ్రమా?

#2 అనుమానాలరావు

భ్రమే. ఆ కుర్రాడికి ఇరవయ్యేళ్లుంటాయి, చేతిలో సంచి కూడా ఉండి ఉండదు. మీకు నలుగురు మనుషులు, అందులో ఒకరు సైకిల్ ఎక్కలేరు. గాలివానలో తొక్కుతారా? నడుం లోతు నీళ్లలో తొక్కుతారా? సైకిల్ ఒంటిగాడి బండి. దాన్ని సంసారానికి కట్టకండి.

#3 పాతచైను

అనుమానాలరావు గారు సగం నిజం చెప్పారు. మిగతా సగం కోసం ముందు ఒక ప్రశ్న: దేన్నుంచి పారిపోతున్నారు, ఎంత టైం ఉంది? ఇది తేలకుండా సైకిల్ మంచిదా కాదా అని ఎంత వాదించినా తెగదు.

నా లెక్క చెప్తాను. మనిషి నడక గంటకు 5 కిలోమీటర్లు, అదీ ఖాళీ చేతులతో. సైకిల్ మీద అలవాటున్నవాళ్లు చదునైన రోడ్డులో 15 నుంచి 18 పోతారు. వెనక పదిహేను కిలోల సామాను కడితే 12 అనుకోండి. పక్కన తొమ్మిదేళ్ల పిల్ల సొంత సైకిల్ తొక్కుతుంటే 8, మహా అయితే 10. మధ్యలో నీళ్లకీ ఊపిరికీ ఆగాలి. మీ 38 కిలోమీటర్లకు అయిదారు గంటలు పడుతుంది. అదే నడిస్తే పిల్లతో రెండు రోజుల పని. ఖాళీ రోడ్డు మీద కారుకైతే గంట చాలు, కానీ ఖాళీ రోడ్డు ఉంటే మనం ఈ మాట మాట్లాడుకునేవాళ్లమే కాదు.

కాబట్టి సైకిల్‌ను కారుతో పోల్చకండి. కాలినడకతో పోల్చండి.

#4 తాతగారిడైనమో

చరిత్రలో దీనికి బోలెడు ఉదాహరణలున్నాయి. 1940 జూన్‌లో జర్మన్ సైన్యం ప్యారిస్ మీదికి వస్తున్నప్పుడు లక్షల మంది దక్షిణం వైపు కదిలారు. కార్లలో పెట్రోలు అయిపోయి దారిలోనే వదిలేశారు. పిల్లల పుస్తకాల బొమ్మలు వేసే హాన్స్ రే, ఆయన భార్య మార్గరెట్ కూడా అప్పుడు అక్కడే ఉన్నారు. ఇద్దరూ యూదులు. కొందామంటే సైకిళ్లు దొరక్క, విడి భాగాలు తెచ్చి హాన్స్ తనే రెండు సైకిళ్లు బిగించుకున్నాడు. జర్మన్లు ప్యారిస్‌లో అడుగుపెట్టింది జూన్ 14న, వీళ్లు బయల్దేరింది దానికి రెండు రోజుల ముందు. గమనించాల్సిందేమిటంటే, వాళ్లు దేశమంతా సైకిల్ మీద దాటలేదు. రైళ్లు దొరికే చోటి దాకా తొక్కి, అక్కణ్ణుంచి రైలెక్కారు.

ఇక కార్ల సంగతి. 2005 సెప్టెంబరులో రీటా తుపాను వస్తుందని అమెరికాలోని హ్యూస్టన్ చుట్టుపక్కల నుంచి ఇరవై లక్షలకు పైగా జనం ఒకేసారి బయల్దేరారు. అంతకు మూడు వారాల ముందే కత్రినా న్యూ ఆర్లీన్స్‌ను ముంచేసింది, ఆ భయం ఇంకా పచ్చిగానే ఉంది. సుమారు 160 కిలోమీటర్ల పొడవున ట్రాఫిక్ ఆగిపోయింది. ఎండలో, కదలని కార్లలో జనం ఒక రోజంతా ఉండిపోయారు. వృద్ధులను తీసుకెళ్తున్న బస్సు దారిలో కాలిపోయి 23 మంది చనిపోయారు. తుపాను తాకిడికి పోయిన ప్రాణాల కంటే ఊరు వదిలే క్రమంలో పోయినవే ఎక్కువ.

#5 అనుమానాలరావు

సరే, కార్లు ఆగిపోయాయి. మరి ఆ ఎండలో, ఆ జనంలో నుంచి మీరు సైకిల్ మీద 160 కిలోమీటర్లు తొక్కేవాళ్లా? హ్యూస్టన్‌లో మీకేమైనా సైకిల్ విజయగాథ దొరికిందా, లేక కార్లను తిడితే సైకిల్ గెలిచినట్టేనా?

#6 తాతగారిడైనమో

దొరకలేదు. ఒప్పుకుంటున్నా.

#7 నీలిగొడుగు

నేను సహాయ శిబిరాల్లో వాలంటీరుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఏ ఆపదకు సైకిల్ పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నది విడదీసి చెప్తాను. ఈ విషయంలో పొరపాటు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

వరద: నీళ్లు రాకముందే అయితే సైకిల్ చాలా మంచిది. నీళ్లు వచ్చేశాక దాన్ని వదిలేసి పై అంతస్తుకు ఎక్కండి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, మనిషి కాళ్లు జారిపోతాయి. 30 సెంటీమీటర్లకు చిన్న కార్లే కొట్టుకుపోతాయి. నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో, తెగిన కరెంటు తీగ ఎక్కడుందో కనబడదు. "సైకిల్ నడిపించుకుంటూ దాటేస్తాను" అనే ఆలోచన కూడా వద్దు. పారే నీళ్లకు చక్రాలు అడ్డుపడి, సైకిలే మిమ్మల్ని లాగేస్తుంది.

తుపాను: గాలి మొదలయ్యాక రోడ్డు మీద సైకిల్ ఉండకూడదు. ముందురోజే వెళ్లాలి. తీరాన్ని వదలమని మామూలుగా గాలి రాకముందే చెప్తారు, ఆ వ్యవధి మీదే.

కార్చిచ్చు: ఇక్కడ నాకు భయం ఎక్కువ. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరిని మంట గంటల వ్యవధిలో చుట్టేసింది. 85 మంది చనిపోయారు. రోడ్లు జామ్ అయ్యి చాలామంది కార్లు వదిలి పరుగెత్తారు. అలాంటి చోట సైకిల్ మీద ఉన్నవాడికి చుట్టూ రేకు కూడా లేదు. వేడి నేరుగా ఒంటికి తగులుతుంది, పైగా తొక్కేటప్పుడు పీల్చే గాలి మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎన్95 మాస్కు పొగలోని నలుసును ఆపుతుంది కానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. మంట ఇంకా చాలా దూరంలో ఉన్నప్పుడు తప్ప సైకిల్ తీయకండి.

విషవాయువు: మీరు చెప్పిన గోడౌన్ లాంటి సందర్భం. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో వాయువు లీకైనప్పుడు ఎటు వెళ్లాలో తెలియక, గాలి ఎటు వీస్తే అటే పరుగెత్తినవాళ్లున్నారు. పరుగెత్తి రొప్పినవాళ్లు ఇంకా ఎక్కువ పీల్చారు. ఆ వాయువు గాలి కంటే బరువైనది, నేలను అంటుకుని పాకింది. ఇలాంటప్పుడు తలుపులు, కిటికీలు మూసుకుని లోపలే ఉండమని అధికారులు చెప్తే లోపలే ఉండాలి. బయటికి రమ్మంటే గాలికి అడ్డంగా వెళ్లాలి. అంటే గాలి మీ చెంపకు తగలాలి, వీపుకు కాదు. ఈ దూరం మామూలుగా రెండు మూడు కిలోమీటర్లే ఉంటుంది. కాబట్టి సైకిల్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది, దిక్కు తెలిస్తేనే.

#8 మెట్లకింద_సైకిల్

నీలిగొడుగు గారూ, ఆ రోజు నేను గాలి ఎటు వీస్తోందో చూడనే లేదు. అందరూ ఎటు వెళ్తే అటే వెళ్లాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే పొగ మా తల మీదుగానే వస్తోంది.

#9 బ్యాటరీబాబు

ఇంతకీ ఎవరూ ఎలక్ట్రిక్ సైకిల్ మాటే ఎత్తలేదేంటి? నా దాంట్లో 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంది. పెడల్ కూడా తొక్కితే 40 కిలోమీటర్లు హాయిగా వస్తుంది. వాళ్ల దూరం 38. సరిపోయింది కదా!

#10 పాతచైను

బాబూ, ఆ 40 ఏ బరువుతో, ఎన్నేళ్ల బ్యాటరీతో? వెనక సామాను, ఎదురుగాలి, ఆగి ఆగి పోవడం అన్నీ కలిస్తే 25 దగ్గరే లైటు ఎర్రబడుతుంది. ఆ పైన ఇరవై నాలుగు కిలోల ఇనుమును మీరు సొంత కాళ్లతో తొక్కాలి. కరెంటు పోయిన ఊళ్లో చార్జింగ్ ఉండదు. డివైడర్ ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. ఉంటే వాడండి, నేను వద్దనను. ఫుల్ చార్జ్ చేసి ఉందా అని రోజూ చూసుకునే అలవాటు ఉంటేనే.

#11 రిమ్ముబెండు

నాకు సైకిల్ రిపేరు షాపు ఉంది. ఇంత చర్చలో ఒక్కరూ టైరు గాలి గురించి అడగలేదు, నవ్వొచ్చింది. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం వచ్చి టోక్యోలో రైళ్లు ఆగిపోతే, ఆఫీసుల నుంచి ఇంటికెళ్లడానికి జనం సైకిల్ షాపుల మీద పడ్డారు. సరుకంతా అమ్ముడుపోయింది. అలా కొత్త సైకిల్ దొరికినవాడే నయం. మెట్ల కింద రెండేళ్లు దుమ్ముపట్టిన సైకిల్ తీసినవాడికి మొదటి కిలోమీటర్లోనే పంక్చర్.

ఎందుకంటారా? గాలి లేకుండా నిలబెట్టిన సైకిల్‌లో టైరు ఒకేచోట నలిగి, ట్యూబు అక్కడే చిరుగుతుంది. వాల్వు మొదట్లో రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది. వాల్వు దగ్గర చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. అందుకే ప్యాచ్‌లతో పాటు చక్రానికొక కొత్త ట్యూబు దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట. మన పాతరకం సైకిళ్లలో చైన్ కవరు, స్టాండు, క్యారేజీ, మడ్‌గార్డు కడ్డీలు అన్నీ వెనక ఇరుసుకే బిగించి ఉంటాయి. వెనక చక్రం ఊడదీయాలంటే షాపులో నాకే పావుగంట. రోడ్డు మీద దాని జోలికి పోవద్దు. చక్రం ఊడదీయకుండానే ప్యాచ్ వేయొచ్చు. ఎలాగో రాస్తాను:

సైకిల్‌ను పడుకోబెట్టండి, చైన్ ఉన్న వైపు కిందికి. టైరును చేత్తో చుట్టూ తడిమి మేకో, గాజుముక్కో దొరికితే పీకేయండి, దొరికిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. ఆ గుర్తుకు అటూ ఇటూ జానెడు మేర మాత్రం టైరు లివరుతో అంచు బయటికి తీసి, ట్యూబును లూప్‌లా లాగండి. కొద్దిగా గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుంటే ఎక్కడ కారుతోందో చల్లగా తగులుతుంది, నీళ్ల గిన్నె అక్కర్లేదు. అక్కడ గరుకు కాగితంతో రుద్దండి, మెరుపు పోయేదాకా. సొల్యూషన్ పల్చగా పూసి ఆగండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, తడి మీదే ప్యాచ్ అంటించేస్తారు. వేలితో తాకితే అంటుకోని స్థితికి రావాలి, అప్పుడు ప్యాచ్ పెట్టి నడుమ నుంచి అంచులకు బొటనవేలితో గట్టిగా నొక్కాలి. ట్యూబు లోపలికి తోసి, చివరగా టైరు అంచును చేతులతోనే ఎక్కించండి. లివరుతో ఎక్కిస్తే ట్యూబును గిల్లి మరో రంధ్రం చేస్తారు.

ఇంట్లో తీరిగ్గా మూడుసార్లు చేయండి. నాలుగోసారి చీకట్లో, టార్చి నోట్లో పెట్టుకుని చేయండి.

#12 చంటిదాని_అమ్మ

చీకట్లో ప్యాచ్ వేసే పోటీ పెడితే నేను వస్తా :)

నా సందేహం పిల్లల గురించి. తొమ్మిదేళ్ల పాప తన సైకిల్ తొక్కగలదు సరే. నా పిల్లకు మూడేళ్లు, వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుంటాను. కిందటేడు దాని పాదం చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. వీధి చివరికే, నడిచే వేగంలోనే. మడమ చర్మం లేచిపోయింది, ఎముక విరగలేదు, దేవుడి దయ. కంగారులో పిల్లల్ని క్యారేజీ మీద ఎక్కించుకునేవాళ్లు దయచేసి కాళ్ల దగ్గర అడ్డు పెట్టండి. ఏమీ దొరక్కపోతే చక్రానికి రెండువైపులా అట్టముక్కలైనా కట్టండి.

#13 పాతచైను

> వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుంటాను

సరైన పిల్లల సీటు, కాళ్లకు కప్పు ఉన్నది బిగించుకోండమ్మా. అట్టముక్కలు ఆ రోజుకు మాత్రమే.

పెద్దవాళ్లను ఎక్కించుకోవడం గురించి కూడా ఎవరో అడిగేలోపే చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో పదిహేనేళ్ల అమ్మాయి గాయపడ్డ తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా, సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం దాన్ని వీరగాథగా చెప్పుకోవడం నచ్చదు. వేరే దారి లేక చేసింది. అమ్మగారిని వెనక కూర్చోబెట్టి 38 కిలోమీటర్లు తొక్కడమే ప్లాన్ అని మాత్రం రాసుకోకండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి కాళ్లు వేలాడేసుకుని గంట కూర్చోవడమే నరకం.

#14 తాతగారిడైనమో

తొక్కడం గురించే మాట్లాడుతున్నారు, నెట్టడం గురించి కూడా చెప్పుకోవాలి. 1954లో ఫ్రెంచి సైన్యంతో జరిగిన దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి వియత్నాం వాళ్లు బియ్యం, మందుగుండు వేల సైకిళ్ల మీద కూడా మోశారు. ఎవరూ తొక్కలేదు. హ్యాండిల్‌కు ఒక వెదురు కర్ర పొడుగ్గా కట్టి, సీటు దగ్గర ఇంకో కర్ర నిలబెట్టి, పక్కన నడుస్తూ నెట్టారు. ఒక్కో సైకిల్ మీద 200 కిలోలు, ఆపైన కూడా. నడిచే మనిషి భుజాన అందులో ఎన్నో వంతు మోయగలడు?

అలాగే 1941-42లో మలయా మీదుగా సింగపూర్ దాకా వచ్చిన జపాన్ సైనికులు, టైర్లు పగిలిపోతే వట్టి రిమ్ముల మీదే తొక్కేశారు. రాత్రిపూట ఆ ఇనుప చప్పుడుకి అవతలివాళ్లు ట్యాంకులు వస్తున్నాయనుకున్నారట.

#15 రిమ్ముబెండు

డైనమో గారూ, రిమ్ముల మీద తొక్కమని జనాలకు చెప్పకండి సార్, నా కడుపు తరుక్కుపోతోంది.

#16 పటాలపిచ్చి

దారి గురించి నేను. సైకిల్‌కు అసలు బలం వేగం కాదు, కారుకు చాలని దారిలో పోగలగడం. కాలవ గట్టు, రైలు పట్టాల పక్కన సర్వీసు దారి, పొలాల మధ్య బాట, కాలినడక వంతెన. కానీ ఇవి ఫోన్ మ్యాపులో సగమే కనబడతాయి, కనబడినవాటిలో కొన్ని గోడతో ముగుస్తాయి. వెళ్లి చూడాలి.

ముందుగా చూడాల్సింది వంతెనలు. ఊరికీ మీ గమ్యానికీ మధ్య నది ఉంటే, ఎన్ని అడ్డదారులున్నా చివరికి అందరూ ఆ రెండు వంతెనల దగ్గరికే చేరతారు. నది దాటాల్సిన పని లేని గమ్యం ఇంకొకటి వెతికి పెట్టుకోండి, 38 కాకుండా 15 కిలోమీటర్లదైనా సరే.

హైవే మీద మాత్రం జాగ్రత్త. పెద్ద ఎత్తున ఖాళీ చేయిస్తున్నప్పుడు ఒక్కోసారి రెండు వైపుల లేన్లనూ బయటికెళ్లే వాహనాలకే ఇచ్చేస్తారు. అందరూ కంగారులో ఉంటారు, చీకటి, నిద్రలేని డ్రైవర్లు. జామ్ అయినంతసేపు సైకిల్ రాజు. జామ్ వీడగానే రోడ్డు మీద అందరికంటే బలహీనుడు ఆ రాజే.

ఫోన్‌లో మ్యాపును ఆఫ్‌లైన్‌గా దించుకోండి. అదికాక ఒక కాగితం మీద మలుపులు చేత్తో రాసుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. నేను రాసుకున్నది ఎనిమిది వరసలు, అంతే.

#17 అనుమానాలరావు

పటాలపిచ్చి గారి మాట నచ్చింది. "38 కాకుండా 15." ఊరు వదలడం అంటే అందరికీ వంద కిలోమీటర్లే గుర్తొస్తుంది. చాలా ఆపదల్లో ఎత్తైన చోటికో, గాలికి పక్కకో నాలుగైదు కిలోమీటర్లు జరిగితే చాలు. అంత దూరానికి సైకిల్ అంటే నాకూ అభ్యంతరం లేదు.

అయినా నా అసలు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఆ పెద్దావిడ సంగతేంటి?

#18 మెట్లకింద_సైకిల్

అది నాకూ నిద్ర పట్టనివ్వడం లేదు. ఆదివారం ఒక ట్రయల్ వేస్తున్నాం. మొత్తం సామాను కట్టుకుని, పాపతో సహా. వచ్చి రాస్తాను.

#19 నీలిగొడుగు

వెళ్లే ముందు: మందులు, కళ్లజోడు, గుర్తింపు కార్డుల నకళ్లు, నీళ్లు, టార్చి, మార్చుకోవడానికి ఒక జత బట్టలు. అంతే. ఎండలో తొక్కితే గంటకు అర లీటరు నుంచి లీటరు నీళ్లు తాగుతారు. నీళ్ల బరువే ఎక్కువ, దాన్ని తగ్గించకండి, మిగతావి తగ్గించండి. బరువు వీపు మీద వద్దు, క్యారేజీకి రెండువైపులా సమానంగా, వీలైనంత కిందికి వేలాడాలి.

#20 మోడరేటర్

టైరు 26 అంగుళాలది మేలా 28 అంగుళాలది మేలా అన్న వాదన వేరే చోటికి మార్చాను. అక్కడ కొట్టుకోండి.

#21 మెట్లకింద_సైకిల్

ట్రయల్ అయింది. వివరంగా రాస్తాను, తిట్టాలనుకున్నవాళ్లు తిట్టొచ్చు.

పొద్దున 6 గంటలకు బయల్దేరదామనుకుని 6:50కి తేలాం. ఆ యాభై నిమిషాలూ ఇంట్లోనే పోయాయి. సంచులు కట్టడం, విప్పడం, తాళం ఎక్కడుందో వెతకడం. అందరూ దారిలో టైం పోతుందంటారు, మాకు గుమ్మంలోనే పోయింది.

మూడో కిలోమీటర్లో నా సంచి పట్టీ కొస వేలాడి వెనక చక్రంలో చుట్టుకుంది. సైకిల్ టక్కున ఆగిపోయింది, నేను ముందుకు తూలి హ్యాండిల్ కడుపులో గుచ్చుకుంది. అదృష్టం కొద్దీ వెనక ఏ బండీ లేదు. పట్టీని పుల్లల మధ్య నుంచి కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది, ఆ కత్తెర కూడా పక్క దుకాణంలో అడిగి తెచ్చా. ఇప్పుడు కొసలన్నీ మడిచి టేపు చుట్టాను, సంచిలో ఒక చాకు కూడా పెట్టాను.

ఆరో కిలోమీటర్లో రైలు పట్టాల మీద కాలినడక వంతెన. మ్యాపులో అది నాకు పెద్ద అడ్డదారిలా కనిపించింది. ఎదురుగా నిలబడితే నలభై రెండు మెట్లు. సామానుతో సైకిల్ పైకి లేవలేదు. అన్నీ విప్పి, సంచులు ఒక ట్రిప్పు, సైకిళ్లు ఒక ట్రిప్పు, మళ్లీ కట్టడం. ఇరవై అయిదు నిమిషాలు. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

పాప మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. 14 కిలోమీటర్ల దాకా అలుపన్నదే లేదు, పాటలు పాడుతూ తొక్కింది. పదిహేనో కిలోమీటర్లో ఉన్నట్టుండి సైకిల్ దిగి రోడ్డు పక్కన కూర్చుంది. అలసిపోయానని చెప్పలేదు, "నాకు ఇంటికెళ్లాలనుంది" అంది. పిల్లలకు అలుపు నెమ్మదిగా రాదని అప్పుడర్థమైంది. పది నిమిషాలాగి తన సైకిల్‌ను నా సైకిల్‌కు తాడుతో కట్టి లాగుదామని చూశాను. అది ఇంకో పెద్ద తప్పు, తాడు వదులైనప్పుడల్లా తన ముందు చక్రం కింద పడుతోంది. మానేశాం. అక్కణ్ణుంచి అరగంటకోసారి ఆగుతూ మొత్తం 20 కిలోమీటర్లు వెళ్లి, ఒక చెట్టు కింద కూర్చుని, తిరిగి బస్సు మీద వచ్చాం. కండక్టరు సైకిళ్లను పైకెక్కించనివ్వడానికి చాలా బతిమాలాల్సి వచ్చింది.

ఇరవై కిలోమీటర్లకు నాలుగు గంటల పది నిమిషాలు. పాతచైను గారు చెప్పిన లెక్క కంటే బాగా నెమ్మది.

ఇక అమ్మ సంగతి. మేము తిరిగొచ్చి చెమటలు కారుతూ కూర్చుంటే అమ్మ మంచినీళ్లు ఇచ్చి, "నా గురించి మీరిద్దరూ వారం నుంచి గుసగుసలాడుతున్నారు, నాకు చెవుడు లేదు" అంది. ఆ తర్వాత తనే చెప్పింది. కింది ఫ్లాట్ వాళ్లకు కారుంది, వెనక సీటు ఖాళీ. పొద్దున్నే ఆవిడతో మాట్లాడేసిందట. మొదటి హెచ్చరిక రాగానే, ఇంకా ఎవరూ కదలకముందే అమ్మ వాళ్లతో వెళ్లిపోతుంది. వాళ్లు వెళ్లలేకపోతే బస్సు. "మీరు నాకోసం ఆగితే మీరూ పోతారు, నేనూ పోతాను. నేను ముందే పోయి కూర్చుంటే మీరు నిదానంగా రావచ్చు" అంది.

వారం రోజులు నేను బుర్ర బద్దలు కొట్టుకున్నది ఆవిడ కింది అంతస్తుకు వెళ్లి అడిగి తేల్చేసింది.

#22 చంటిదాని_అమ్మ

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. కింది ఫ్లాట్ వాళ్లకు కూడా.

#23 పాతచైను

నా లెక్కలో పిల్ల సంగతి తప్పు. నేను తొక్కే వేగం మాత్రమే చూశాను, ఆగే టైం తక్కువ వేశాను. ఇకమీదట ఎవరడిగినా పిల్లలతో గంటకు 5 అని చెప్తా. అప్పుడు నడకకూ దీనికీ తేడా ఏముందని అనుమానాలరావు గారు అడుగుతారు. తేడా ఒకటుంది, తొమ్మిదేళ్ల పాప నాలుగు గంటల్లో 20 కిలోమీటర్లు నడవలేదు. సామాను మోస్తూ మీరూ నడవలేరు.

మెట్ల వంతెన దగ్గర ఒక చిట్కా. సంచులను ఒకే కొక్కెంతో తగిలేలా కుట్టించుకోండి. తాళ్లతో కట్టినవి విప్పడానికే సగం టైం పోతుంది.

#24 అనుమానాలరావు

అడగను. మెట్లకింద గారూ, మీ ట్రయల్ చదివాక నాకు ఒకటనిపించింది. గుమ్మం దగ్గర పోయిన యాభై నిమిషాల మీద ఎవరూ మాట్లాడలేదు. దాన్ని పదికి తెస్తే మీరు పోగొట్టుకున్న మెట్ల వంతెన టైం తిరిగొచ్చి, ఇంకా మిగులుతుంది. సంచులు కట్టి సిద్ధంగా పెట్టుకోండి. నేను సైకిల్ కొనను గానీ, సంచి మాత్రం ఈ రాత్రే సర్దుతున్నా.

#25 పటాలపిచ్చి

ఆ వంతెనకు ఎడమవైపు ఎక్కడైనా కింద నుంచి పోయే అండర్‌పాస్ ఉందేమో చూడండి. వరద కాకపోతే అది మేలు. వరదైతే మాత్రం ముందు నిండేది అదే, దాని దరిదాపులకు వెళ్లొద్దు.

#26 మెట్లకింద_సైకిల్

ఉంది, ఒకటిన్నర కిలోమీటరు చుట్టు. కాగితం మీద రెండూ రాసుకున్నాను, పక్కన "వాన పడితే మెట్లు" అని.

సంచులు ఇప్పుడు తలుపు వెనక మేకుకు వేలాడుతున్నాయి. అమ్మది కూడా ఉంది, అన్నిటికంటే చిన్నది అదే.

#27 రిమ్ముబెండు

అంతా బాగుంది. ట్యూబుల గురించి నేను చెప్పినదాని మీద మాత్రం మీరేమీ రాయలేదు. మెట్ల కింద ఉన్న సైకిళ్లు అవి. ట్యూబుల వాల్వు మొదలు చూశారా? ఇంకొకటి, మీవి పాత స్టీలు రిమ్ములైతే వానలో బ్రేకు సరిగ్గా పట్టదు. తడిసిన స్టీలు మీద రబ్బరు జారుతుంది, ఆగడానికి మామూలు కంటే చాలా దూరం పడుతుంది. బ్రేకు రబ్బర్లు గట్టిపడిపోయాయేమో గోరుతో నొక్కి చూడండి.

#28 మెట్లకింద_సైకిల్

ఇప్పుడే కిందికి వెళ్లి టార్చి వేసి చూసొచ్చాను. మా ఆవిడ సైకిల్ వెనక ట్యూబుకు వాల్వు చుట్టూ సన్నటి పగుళ్లున్నాయి. 20 కిలోమీటర్లు దాని మీదే తొక్కింది. గోరు దిగలేదు, బ్రేకు రబ్బర్లు రాయిలా ఉన్నాయి. రేపు ట్యూబులు, రబ్బర్లు అన్నీ మార్చేస్తున్నాను. చక్రం ఊడదీయకుండా ట్యూబు మొత్తం మార్చడం కుదరదు కదా?

#29 రిమ్ముబెండు

కుదరదు. దానికి మాత్రం షాపుకు రావాల్సిందే :)